ఆ ఉంగరం ఎవరి వేలికి

ఆయన దాన్ని కాగితపు రుమాల్లో చుట్టి తెచ్చాడు. న్యూజెర్సీలో నేను పనిచేసే కొట్టుకు బంగారం అలాగే వస్తుంది. తెగిన గొలుసు, జత పోయిన కమ్మ, విడాకులయ్యాక అమ్మకానికొచ్చిన పెళ్ళి ఉంగరం, అన్నీ జేబు రుమాళ్ళలోంచే బయటికొస్తాయి. ఇది మాత్రం అద్దపు బల్ల మీద పెట్టగానే ఠంగుమంది. మా ఓనరు లోపలి గదిలోంచి తల బయటికి పెట్టి చూశాడు.

"వేళ్ళు సన్నబడ్డాయి, జారిపోతోంది. సైజున్నర తగ్గించాలి" అన్నాడాయన. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళుగా ఒక బేస్‌బాల్ మైదానంలో గడ్డి, మట్టి చూసుకునే పని. క్లబ్బు పేరు చెప్పను, ఆయన ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు.

నాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళ వెనక సందులో మా నాయన కుంపటి ఉండేది. పదకొండో ఏట ఊదుగొట్టం పట్టాను. 1998లో ఇక్కడికొచ్చాక కుంపటి పోయి గ్యాస్ టార్చి వచ్చింది, గురిగింజలు పోయి గ్రాముల కాటా వచ్చింది. వస్తువు చేతిలో పడగానే తిరగేసి లోపలి వైపు చూసే అలవాటు మాత్రం నాయన నేర్పినదే. "ముఖం అందరికీ చూపిస్తుందిరా, నిజం కడుపులో ఉంటుంది" అనేవాడు.

తిరగేశాను. లోపల 10 క్యారెట్ల ముద్ర. అంటే 24 పాళ్ళలో 10 పాళ్ళే బంగారం. మా నాయనైతే దాన్ని బంగారం పద్దులో రాయనిచ్చేవాడు కాదు. ఒక పక్క ఏడాది, రెండో పక్క ఆయన ఇంటిపేరు ఉబ్బెత్తు అక్షరాల్లో. పైన క్లబ్బు గుర్తు, దాని చుట్టూ రెండు వరసల రాళ్ళు. ఐగ్లాసు పెట్టి చూస్తే రాళ్ళు మరీ శుభ్రంగా ఉన్నాయి. కోణాల అంచులు కాస్త మొద్దుబారి ఉన్నాయి. నోటి ఆవిరి ఊదాను. వజ్రం మీద ఆవిరి నిలవదు, ఊదిన క్షణంలోనే పోతుంది. ఇక్కడ తీరుబడిగా ఆరింది. మన బజార్లో వీటిని అమెరికన్ డైమండ్లంటాం. అమెరికాలో ఆ మాటంటే ఎవరికీ అర్థం కాదు.

నేను ఊదడం ఆయన చూశాడు. "నిజమైనవేనా?" అన్నాడు. అబద్ధం చెప్పే మొహం కాదు నాది. "రాళ్ళు వజ్రాలు కావండీ. పేరు మాత్రం మీదే" అన్నాను. ఆయన నవ్వేశాడు. "ఇచ్చిన రోజే తెలుసు. ఆటగాళ్ళవి వేరు. ఆఫీసు పెద్దలవి ఇంకో రకం. మావి మూడో రకం. కానీ కొన్ని క్లబ్బుల్లో మాలాంటివాళ్ళకు అసలు ఇవ్వనేలేదు, అది తెలుసా?"

తెలీదు. పాతికేళ్ళకు పైగా ఈ దేశంలో ఉండి, వేసవంతా కొట్టులో టీవీలో ఆ ఆట నడుస్తూంటే వింటూ పనిచేసి కూడా, ఛాంపియన్‌షిప్ గెలిచిన క్లబ్బు ఇచ్చే ఉంగరం ఎవరికిస్తారు, ఎవరు ఇమ్మంటారు అని ఎన్నడూ ఆలోచించలేదు. ఉంగరం వారం పాటు నా బల్ల సొరుగులో ఉంది. ఆ వారం రాత్రులు దాని వంశవృక్షం చదువుకుంటూ కూర్చున్నాను.

అమెరికా బేస్‌బాల్‌లో పెద్ద లీగులు రెండు. అక్టోబరులో రెండింటి విజేతలూ తలపడే పోటీ వరల్డ్ సిరీస్. 1903లో మొదలైంది. అప్పుడు ఉంగరాల్లేవు, గేటు వసూళ్ళలో వాటా ఉంది. ఆ మొదటేడే ఒక చిత్రం జరిగింది. బోస్టన్ గెలిచింది, పిట్స్‌బర్గ్ ఓడింది. పిట్స్‌బర్గ్ యజమాని బార్నీ డ్రైఫస్ తన వాటా డబ్బు కూడా ఆటగాళ్ళ సంచిలోనే వేశాడు. దాంతో ఓడినవాళ్ళకు తలా 1,316 డాలర్లు, గెలిచినవాళ్ళకు తలా 1,182 డాలర్లు! ఇవ్వడమన్నది ఆట ఫలితాన్ని బట్టి కాదు, ఇచ్చేవాడి చేతిని బట్టి అని మొదటేడే తేలిపోయింది.

డబ్బు ఖర్చయిపోతుంది కాబట్టి గుర్తుగా ఏదో ఒకటి ఇచ్చే పద్ధతి వచ్చింది. కోటుకు పెట్టుకునే పిన్ను, జేబు గడియారం, చొక్కా చేతుల గుండీలు. వీటికీ గొడవలు జరిగాయి. 1918లో బోస్టన్ రెడ్ సాక్స్, షికాగో కబ్స్ ఆడుతున్నాయి. యుద్ధకాలం, జనం తక్కువ, టిక్కెట్టు ధర తక్కువ. పైగా వసూళ్ళలో కొంత మిగతా జట్లకూ పంచాలని ఆ ఏడే కొత్త నిబంధన పెట్టారు. తమ వాటా ఎంతకు దిగిందో తెలిశాక రెండు జట్లూ ఏకమై అయిదో ఆటకు మైదానంలోకి రామన్నాయి. గంట సేపు జనం ఎదురుచూశారు. చివరికి, యుద్ధంలో ఉన్న సైనికుల పేరు చెప్పి బతిమాలితే ఆడారు. బోస్టన్ సిరీస్ గెలిచింది. కానీ ఆ సమ్మె చేసినందుకు పాలక కమిషన్ వాళ్ళకు రావలసిన పతకం పిన్నులు ఆపేసింది. ఆ జట్టులో ఇరవై మూడేళ్ళ బేబ్ రూత్ ఉన్నాడు. ఆ పిన్నులు ఎప్పుడిచ్చారో తెలుసా? 1993లో. డెబ్బై అయిదేళ్ళ తర్వాత, వాళ్ళ పిల్లల చేతికి, మనవల చేతికి.

ఇది చదివినప్పుడు నాకు మా తాత చెప్పిన కళ్ళం కబుర్లు గుర్తొచ్చాయి. ప్రొద్దుటూరు రాకముందు మావాళ్ళు పల్లెలో ఉండేవాళ్ళు. కోతలయ్యి ధాన్యం రాశి పోశాక కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి వరసగా కళ్ళం కాడికి వచ్చేవాళ్ళు. ఏడాది పొడుగునా చేసిన పనికి మేర కొలిచేది అక్కడే. ఎవరికి ఎన్ని చేటలో వాడుక ఉండేది, కాగితం ఉండేది కాదు. రైతుకు కోపమొస్తే ఒక చేట తగ్గేది. తగ్గిన చేట గింజల కోసం కాదట ఆ మనిషి కుమిలేది. నలుగురి ముందూ తగ్గినందుకు.

మొదటి ఉంగరం 1922లో వచ్చింది. న్యూయార్క్ జెయింట్స్, న్యూయార్క్ యాంకీస్ రెండూ అప్పుడు ఒకే మైదానం పోలో గ్రౌండ్స్‌లో ఆడేవి. అందుకే సిరీస్ మొత్తం అక్కడే జరిగింది. రెండో ఆట పది ఇన్నింగ్స్ తర్వాత 3-3 దగ్గరుండగా చీకటి పడుతోందని ఆపేశారు. ఇంకా వెలుతురుంటే ఆపారని జనం మండిపడ్డారు. కమిషనర్ లాండిస్ ఆ రోజు వసూళ్ళు మొత్తం ధర్మకార్యాలకు ఇచ్చేయమన్నాడు. మిగతా నాలుగు ఆటలూ జెయింట్సే గెలిచారు. ఆ జట్టు ఆటగాళ్ళకు ఇచ్చినవే వరల్డ్ సిరీస్ మొదటి ఉంగరాలు.

ఉంగరమే ఎందుకు? కంసాలి బుద్ధికి తోచింది చెబుతాను. గడియారం జేబులో ఉంటుంది, తీసి చూపిస్తే తప్ప తెలీదు. పిన్ను కోటుతో పాటు గోడకు వేలాడుతుంది. ఉంగరం చెయ్యి కలిపిన ప్రతి మనిషికీ కనిపిస్తుంది. పైగా ఈ దేశంలో మగవాళ్ళు పెద్ద ఉంగరం పెట్టుకోవడం చదువు దగ్గరే అలవాటైంది. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో ఒక్కో తరగతి వాళ్ళూ ఒకే తీరు ఉంగరం చేయించుకోవడం 1835లోనే మొదలైంది. తర్వాత కాలేజీలన్నీ పట్టుకున్నాయి. బేస్‌బాల్ ఉంగరాలు ఎన్నో చేసిన జోస్టెన్స్ కూడా అసలు స్కూలు ఉంగరాల వాళ్ళే. 1897లో మిన్నెసోటాలోని ఓవటోనా అనే చిన్న ఊళ్ళో గడియారాలు బాగుచేసే కొట్టుగా మొదలయ్యారు. గడియారం నుంచి ఉంగరానికి మారింది ఆటగాళ్ళే కాదన్నమాట.

అలాగని ఒక్క రోజులో మారలేదు. 1923లో యాంకీస్ మొదటిసారి గెలిచినప్పుడు మళ్ళీ జేబు గడియారాలే ఇచ్చారు. ఉంగరాలు వాళ్ళకు 1927లో వచ్చాయి. అప్పటికి యాంకీస్‌లో ఆడుతున్న బేబ్ రూత్ ఆ ఏడు అందుకున్న ఉంగరం 2017లో వేలంలో 20 లక్షల డాలర్లు దాటి పలికింది. దాంట్లో బంగారం విలువ కట్టమంటే నేను పావుగంటలో కడతాను. మిగిలిన విలువ కట్టడానికి నా దగ్గర గీటురాయి లేదు.

1932 నుంచి మాత్రం గెలిచిన ప్రతి జట్టూ ఉంగరాలు ఇస్తూనే ఉంది. ఆ ఏడాదే పంపకం గొడవల్లో కెల్లా ప్రసిద్ధమైన గొడవ కూడా జరిగింది. కబ్స్ జట్టుకు ఆగస్టులో షార్ట్‌స్టాప్ స్థానంలో ఆడే మనిషి లేకపోతే కిందిస్థాయి లీగు నుంచి మార్క్ కోనిగ్‌ను తెచ్చుకున్నారు. 33 ఆటల్లో .353 సగటుతో కొట్టాడు. లీగు గెలవడంలో అతని చెయ్యి పెద్దదే. కానీ సిరీస్ డబ్బు పంచుకోవడానికి ఆటగాళ్ళు కూర్చుని ఓటు వేసినప్పుడు అతనికి సగం వాటా అన్నారు. నడిమధ్యలో తీసేసిన మేనేజర్ రోజర్స్ హార్న్‌స్బీకి అసలేమీ లేదన్నారు. ఎదుటి జట్టు యాంకీస్. కోనిగ్ ఒకప్పుడు వాళ్ళ మనిషే. పాత స్నేహితుడికి జరిగిన అన్యాయానికి యాంకీస్ ఆటగాళ్ళు కబ్స్‌ను పిసినారులని మైదానంలో నోరారా తిట్టారు. వాళ్ళు తిరిగి తిట్టారు. మూడో ఆటలో ఆ తిట్ల మధ్యే బేబ్ రూత్ చెయ్యెత్తి ఏదో చూపించి, తర్వాతి బంతిని మైదానం అవతల పడేశాడు. బంతి ఎక్కడ పడుతుందో ముందే చూపించాడా, తిడుతున్నవాళ్ళకు వేలు చూపించాడా అని ఈ దేశం తొంభై ఏళ్ళుగా వాదించుకుంటోంది. ఆ కథ మూలంలో ఉన్నది ఒక మనిషికి తగ్గించిన అర చేట.

ఇక్కడ ఒక సంగతి విడమర్చి చెప్పాలి. డబ్బు వేరు, ఉంగరం వేరు. డబ్బు లీగుది, దానికి లెక్క ఉంది. పంచేది ఆటగాళ్ళు. తలుపులు వేసుకుని ఎవరికి పూర్తి వాటా, ఎవరికి ముప్పావు, ఎవరికి సగం, ఎవరికి కాస్త నగదు అని ఓటు వేసుకుంటారు. ఒళ్ళు పట్టేవాళ్ళ నుంచి బట్టలుతికే కుర్రాళ్ళ దాకా పేర్లు ఆ గదిలోకి వస్తాయి. 2022లో గెలిచిన హ్యూస్టన్ ఆస్ట్రోస్ పూర్తి వాటా 5,16,347 డాలర్లు. బట్టలు ఉతికే కుర్రాడికి పూర్తి వాటా పడితే అతని ఇల్లు మారిపోతుంది.

ఉంగరానికి అలాంటి సభ లేదు. ఎన్ని చేయించాలో, ఎవరికివ్వాలో లీగు నిబంధన ఏదీ చెప్పదు. అది క్లబ్బు యజమాని ఇష్టం, ఖర్చూ ఆయనదే. ఆ ఏడాది ఒక్క రోజు ఆడి వెళ్ళిపోయిన ఆటగాడికి ఇవ్వొచ్చు, మానొచ్చు. ఈ మధ్యకాలంలో ఇవ్వడమే వాడుక. అందువల్ల తమాషాలు జరుగుతాయి. 2010లో క్యాచర్ బెంజీ మోలినాను శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ సీజను మధ్యలో టెక్సాస్ రేంజర్స్‌కు ఇచ్చేసింది. తీరా వరల్డ్ సిరీస్‌లో తలపడింది ఆ రెండు జట్లే. మరుసటేడు ఆర్థర్ రోడ్స్ వంతు. రేంజర్స్ వదిలేస్తే సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో చేరాడు, మళ్ళీ ఆ రెండు జట్లే సిరీస్‌కు వచ్చాయి. ఇరవై ఏళ్ళ ఆటలో రోడ్స్‌కు అదే మొదటి వరల్డ్ సిరీస్. అందరూ గెలవడానికి ఆడుతుంటే ఆ ఇద్దరికీ ఏ వైపు గెలిచినా ఉంగరం వచ్చే పరిస్థితి. మోలినా ఓడిన జట్టులో నిలబడ్డాడు, రోడ్స్ గెలిచిన జట్టులో.

అన్ని ఉంగరాలు ఏం చేసుకుంటారని కూడా అడగొచ్చు. ఫ్రాంక్ క్రొసెట్టి అనే ఆయన యాంకీస్‌లో ఆటగాడిగా ఎనిమిది, కోచ్‌గా తొమ్మిది, వెరసి 17 సార్లు గెలిచిన జట్టులో ఉన్నాడు. ఒక దశ దాటాక ఉంగరాలు వద్దన్నాడు. బదులుగా పేరు చెక్కిన తుపాకులు ఇచ్చారు. వేళ్ళు పదే కదా.

యజమాని ఇష్టమంటే ఎంత దూరం పోతుందో ఓక్లాండ్ అథ్లెటిక్స్ ఓనరు చార్లీ ఫిన్లీ చూపించాడు. 1972లో గెలిచినప్పుడు నిండు క్యారెట్ వజ్రం పొదిగిన ఉంగరాలు ఇచ్చాడు. మళ్ళీ గెలిస్తే దీన్ని చిల్లరకొట్టు సరుకులా కనిపించేట్టు చేస్తానన్నాడు. 1973లో మళ్ళీ గెలిచారు. కానీ ఆ సిరీస్ రెండో ఆటలో మైక్ ఆండ్రూస్ అనే ఆటగాడు రెండు పొరపాట్లు చేస్తే, భుజం దెబ్బతిందని కాగితం మీద బలవంతాన సంతకం పెట్టించి అతన్ని జట్టులోంచి తప్పించబోయాడు. జట్టంతా తిరగబడింది. కమిషనర్ ఆ ఎత్తు సాగనివ్వలేదు. ఆ కోపంతో ఫిన్లీ 1973 ఉంగరాల్లో వజ్రమే లేకుండా చేయించాడు. ఆకుపచ్చ కృత్రిమ రాయి పొదిగించాడు. గెలుపు అదే, చెమట అదే. రాయి మాత్రం ఓనరు మనసు రంగు చెప్పింది. నా సొరుగులో ఉన్న ఉంగరం రాళ్ళను ఆ రాత్రి ఇంకోసారి చూశాను. వీటిలో కోపం లేదు, లెక్క ఉంది. వెయ్యి మందికి వజ్రాలు పొదగలేరు. పొదగలేమని ఉంగరమే మానేయకుండా ఇచ్చారు.

అసలు ఉంగరాల బరువు ఎలా పెరిగిందో మా వృత్తివాడికి తమాషాగా ఉంటుంది. 1922 నాటివి వేలికి సరిపడా ఉండేవి. 2003లో గెలిచిన ఫ్లోరిడా మార్లిన్స్ ఉంగరంలో రెండొందలకు పైగా వజ్రాలు. 2021లో అట్లాంటా బ్రేవ్స్ ఉంగరానికి మూత తీస్తే లోపల స్టేడియం బొమ్మ. 755 వజ్రాలు, అంటే వాళ్ళ పాత మహావీరుడు హాంక్ ఆరన్ కొట్టిన హోమ్‌రన్‌ల లెక్క. ఇన్ని రాళ్ళు నిలబడాలంటే 22 క్యారెట్ల మెత్తని బంగారం పనికిరాదు. గోళ్ళు వంగి రాళ్ళు రాలిపోతాయి. అందుకే ఆటగాళ్ళకు ఎక్కువగా 14 క్యారెట్లు వాడతారు. వాళ్ళు చేయించుకుంటున్నది నగ కాదు, బంగారంతో రాసిన పుస్తకం.

ఆ పుస్తకాల్లో నాకు నచ్చింది 2016 షికాగో కబ్స్ ఉంగరం. 1908 తర్వాత 108 ఏళ్ళు గెలవని జట్టు అది. మేకను వెంటబెట్టుకొచ్చిన ఒక అభిమానిని 1945లో బయటికి పంపేశారని, ఆయన శాపం తగిలిందని ఊరంతా నమ్మేది. ఉంగరం అంచు చుట్టూ 108 వజ్రాలు. లోపల, వేలికి తగిలే చోట, ఒక మేక తల, గెలిచిన నిమిషం: రాత్రి 12:47. నిజం కడుపులో ఉంటుందన్న మా నాయన మాట ఏ షికాగో కంసాలి విన్నాడో.

కబ్స్ యజమానులు ఆ ఏడు ఉంగరాలూ పిన్నులూ కలిపి 1,908 ఇచ్చారు. ఆటగాళ్ళు మొదలు, సీజనుకు మాత్రం వచ్చి పనిచేసే చిన్న ఉద్యోగుల దాకా. ఆటగాళ్ళకు ఉంగరాలు అందించడానికి 20 మంది మామూలు అభిమానులను ఎంచి మైదానంలోకి పిలిచారు. ఒక షరతు కూడా పెట్టారని పత్రికల్లో వచ్చింది. ఆటగాళ్ళు కానివాళ్ళు ఎవరైనా ఉంగరం అమ్మదలిస్తే, ఒక్క డాలరుకు వెనక్కి కొనే హక్కు క్లబ్బుది. ఇచ్చాం, కానీ ఇది సరుకు కాదు సుమా అన్నమాట.

ఆ జాబితాకు తర్వాత ఒక ప్రేక్షకుడి పేరూ చేరింది. 2003 అక్టోబరు 14. వరల్డ్ సిరీస్‌కు వెళ్ళడానికి కబ్స్‌కు ఇంకా అయిదు అవుట్లు చాలు. 3-0తో ముందున్నారు. ఎడమ వైపు గోడ అంచున గాల్లోకి లేచిన బంతికి ఫీల్డర్ మోయిసెస్ అలూ ఎగిరాడు. గోడ అవతల కూర్చున్న నలుగురైదుగురు చేతులు చాపారు. ఒక కుర్రాడి చేతికి బంతి తగిలింది. తర్వాత అదే ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టు ఎనిమిది పరుగులు చేసింది. ఆ ఎదుటి జట్టు ఆ ఏడు రెండొందల వజ్రాలు పెట్టుకున్న మార్లిన్సే. వదిలేసిన బంతులు, తడబడిన బౌలింగు అన్నీ పక్కనపెట్టి ఊరు మొత్తం ఆ కుర్రాడిని పట్టుకుంది. కాపలా పెట్టి అతన్ని మైదానం నుంచి బయటికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. పద్నాలుగేళ్ళు అతను జనం ముందుకు రాలేదు. 2017 జులైలో క్లబ్బు అతన్ని పిలిచి, అతని పేరు చెక్కిన ఉంగరం ఇచ్చింది. అతను ఆడలేదు, పనిచేయలేదు, టిక్కెట్టు కొని చూడ్డానికి వచ్చాడు. ఊరి ఓటమిని ఇన్నేళ్ళు మోసినందుకు అదీ ఒక రకం మేరే అనిపించింది నాకు.

మా వృత్తి మీద ఒక నింద ఉంది. తల్లి బంగారంలోనైనా కంసాలి గురిగింజెత్తు తీయక మానడని. ఆ నిందను మించిన పని మా పక్కనే జరిగింది. నేను పనిచేసే చోటికి దగ్గర్లోనే, లిటిల్ ఫాల్స్‌లో, యోగీ బెర్రా మ్యూజియం ఉంది. ఆటగాడిగా పది సార్లు వరల్డ్ సిరీస్ గెలిచినవాడు బెర్రా తప్ప ఇంకెవరూ లేరు. 2014 అక్టోబరులో దొంగలు ఆ మ్యూజియంలో పడి ఆయన ఉంగరాలు ఎత్తుకుపోయారు. బెర్రా అప్పటికి బతికే ఉన్నాడు. ఎక్కడికి పోయాయో తొమ్మిదేళ్ళ తర్వాత, 2023లో కేసు పెట్టినప్పుడు బయటికొచ్చింది. ఊడదీసి, కరిగించి, బిళ్ళలు చేసి, పురస్కార ఫలకాలతో కలిపి సుమారు 12,000 డాలర్లకు అమ్మేశారు. పది లక్షల డాలర్లకు పైబడిన వస్తువులవి.

ఆ వార్త చదివిన రోజు నాకు చెయ్యి ఆడలేదు. మూసలో కరిగే బంగారం నాకు కొత్త కాదు, ఎందరి తాళిబొట్లు కరిగించానో లెక్క లేదు. 1,064 డిగ్రీల దగ్గర ఏ పేరూ నిలవదు. చెక్కిన అక్షరం ముందు మెత్తబడుతుంది, అంచు జారుతుంది, తర్వాత అంతా ఒకటే ఎర్రటి కన్నీటి బొట్టు. ఆ దొంగలకు మిగిలింది ఆ ఉంగరాల్లో అన్నిటికంటే చవకైన సరుకు, బంగారం. యాంకీస్ ఆటగాడు జో డిమాజియోకు మాత్రం కాస్త అదృష్టముంది. ఆయన తొమ్మిది ఉంగరాల్లో ఎనిమిది ఒక హోటల్ గదిలోంచి పోయాయి. వేలికున్న 1936 ఒక్కటే మిగిలింది. 1998 సెప్టెంబరులో యాంకీస్ ఓనరు మిగతావి మళ్ళీ చేయించి మైదానంలో ఇచ్చాడు. ఆరు నెలలు తిరక్కముందే డిమాజియో పోయాడు. కొత్తవైనా అవి ఆయనవే, ఎందుకంటే జాబితాలో పేరు ఎవరూ దొంగిలించలేదు.

ఈ ఆచారం ఇప్పుడు మన దగ్గరికీ వచ్చింది. 2024 టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టుకు 2025 ఫిబ్రవరిలో బీసీసీఐ వజ్రాల ఉంగరాలు ఇచ్చింది. హైదరాబాదీ సిరాజ్ వేలికీ ఒకటి. ఉంగరం కంటే ముందు అక్కడా డబ్బు పంపకం నడిచింది. 125 కోట్ల రూపాయల్లో అప్పటి ప్రధాన కోచ్ ద్రావిడ్‌కు ఆటగాళ్ళతో సమానంగా 5 కోట్లు అంటే, మిగతా కోచ్‌లకు ఇచ్చే రెండున్నర కోట్లే నాకూ చాలన్నాడని పత్రికలు రాశాయి. గౌరవంగా నగ తొడగడం మాత్రం మనకు కొత్త కాదు. కవి పెద్దనకు గండపెండేరం రాయలే స్వయంగా తొడిగాడని మనం చెప్పుకుంటాం. ఎన్ని తులాలో ఎవరూ చెప్పుకోరు.

శుక్రవారం పని పట్టాను. అరచేతి వైపు సన్న రంపంతో రెండు కోతలు. సైజున్నరకు నాలుగు మిల్లీమీటర్ల కంటే కాస్త తక్కువ తీయాలి. పక్కనున్న పేరు అక్షరాలకు ఒత్తిడి తగలకూడదు. పైభాగానికి తడి దూది చుట్టాను, లేకపోతే టార్చి వేడికి రంగు పూత పొంగుతుంది, రాళ్ళు మసకబారతాయి. వజ్రాలైనా ఇంత జాగ్రత్త పడేవాణ్ణి కాదేమో. టంకం పారింది, ఆకురాయి పెట్టాను, మెరుగు పట్టాను. అతుకు ఎక్కడుందో నాకే వెతుక్కోవాల్సి వచ్చింది.

శనివారం ఆయనొచ్చాడు. వేలికి తొడుక్కుని చెయ్యి దులిపి చూశాడు, జారలేదు. కోసిన ముక్కను చిన్న కాగితం పొట్లంలో ఆయన ముందు పెట్టాను. ముప్పాతిక గ్రాము కూడా లేదు, కానీ కోసింది కోసినట్టు చూపించడం నాయన పెట్టిన నియమం. ఆయన పొట్లం విప్పి చూసి, మడిచి నా వైపు తోశాడు.

"ఉంచుకోండి. నేను గడ్డి చూశాను, మీరు ఉంగరం చూశారు."

మా ఓనరుకు చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు. కొట్టులో తుక్కు బంగారం పడేసే డబ్బా ఒకటి ఉంది, మూడు నెలలకోసారి కరగడానికి పంపుతాం. పంపే ముందు సొరుగులన్నీ దులుపుతాను. ప్రతిసారీ ఆ పొట్లం చేతికి తగులుతుంది. విప్పి చూసి, మళ్ళీ సొరుగులోనే పెట్టేస్తాను.